పదో పిన్ను కోసం ఏడాదిన్నర

బౌలింగ్ అంటే బరువైన బాల్‌ని లేన్ మీద దొర్లించి, చివర నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టే ఆట. ఆ రోజు ఒక్క సాయంత్రంలోనే ఏడుసార్లు పదో నంబరు పిన్ను నిలబడిపోయింది. బాల్ గురి తప్పింది కాదు. ఏడుసార్లూ అది పాకెట్‌లోకే, అంటే ఒకటో పిన్నుకీ మూడో పిన్నుకీ మధ్య సందులోకే వెళ్లింది. తొమ్మిది పడుతున్నాయి, కుడివైపు వెనక మూలనున్న ఆ ఒక్కటీ పడట్లేదు. పక్క లేన్‌లో ఒక కాలేజీ కుర్రాడు ఎడమ పక్కనుంచి ఎలా పడితే అలా విసిరితే పదికి పదీ పడ్డాయి. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నా నాకు ఆ పిన్నే కళ్లలో మెదిలింది.

మాది బరంపురం. పట్టునేత కుటుంబం. నాన్న ఉన్నప్పుడు ఇంట్లో రెండు మగ్గాలు ఆడేవి, ఇప్పుడు చిన్న మావయ్య ఒక్కడే నేస్తున్నాడు. చీరలు భువనేశ్వర్‌లోనూ విశాఖలోనూ కొట్లకు వేసే పని నాది. ఊరి బయట హైవే దగ్గర ఒక ఆటల కేంద్రంలో నాలుగు బౌలింగ్ లేన్లున్నాయి. అన్నయ్య కొడుకు పుట్టినరోజుకి వెళ్లినప్పుడు మొదటిసారి బాల్ పట్టుకున్నాను. ఆ తరవాత బుధవారం, ఆదివారం మానకుండా వెళ్లాను. ఆరు నెలలకి ఆటకి నా సగటు స్కోరు 140 దగ్గరికి వచ్చింది, అక్కడే ఆగిపోయింది. ఆగడానికి కారణం ఈ పదో పిన్నే అని నా నోటుబుక్కు చెప్పింది. ప్రతి ఆటలో ఏ బాల్‌కి ఏ పిన్ను మిగిలిందో రాసుకునేవాణ్ణి. పేజీలు తిరగేస్తే 10, 10, 10 అనే కనిపించేది.

మొదట నేను నింద మోపింది తాళ్ల మీద. మా ఊరి లేన్లలో ప్రతి పిన్ను తలకీ ఒక తాడు కట్టి ఉంటుంది. పిన్నులు పడ్డాక యంత్రం ఆ తాళ్లని పైకి లాగి మళ్లీ నిలబెడుతుంది. పెద్ద ఊళ్లలో పాత పద్ధతి యంత్రాలకి తాళ్లుండవు, పిన్నులు గాల్లో ఎటు కావాలంటే అటు ఎగురుతాయి, గోడకి తగిలి వెనక్కొచ్చి మిగిలినవాటిని కూల్చేస్తాయి. తాడున్న పిన్ను అంత స్వేచ్ఛగా ఎగరలేదు. ఇది నా ఊహ కాదు. అమెరికా బౌలింగ్ సంఘం 2023లో తాడు పిన్నుల ఆటని గుర్తించింది కానీ, వేరే విభాగంగానే గుర్తించింది. రెండింటి స్కోర్లనీ ఒకే గాటన కట్టలేమన్నది వాళ్ల ఉద్దేశం. అందుకే నేను గట్టిగా నమ్మేశాను, తప్పు నాది కాదు, తాడుదని.

ఆ నెలలోనే భువనేశ్వర్‌కి చీరల మూటలు తీసుకెళ్లాను. పని తొందరగా అయిపోయింది. రాత్రి రైలుకి ఇంకా నాలుగు గంటలుంది. తాళ్లు లేని లేన్లున్న చోటుకి వెళ్లి నాలుగు ఆటలు ఆడాను. పిన్నుల చప్పుడే వేరు. మేపుల్ చెక్క మీద ప్లాస్టిక్ పూత, ఒక్కోటి కిలోన్నర పైమాటే. అవి ఒకదానికొకటి తగిలినప్పుడు వచ్చే ఆ ఖంగుమనే శబ్దం మా ఊళ్లో సగమే వినిపించేదని అప్పుడు తెలిసింది. కానీ నాలుగు ఆటల్లో పదో పిన్ను పదకొండుసార్లు నిలబడింది. తాడు లేదు, లాగే యంత్రం లేదు, చెప్పుకోవడానికి సాకు కూడా లేదు. తిరుగు ప్రయాణంలో ఛత్రపురం దాటేదాకా నిద్ర పట్టలేదు.

మర్నాడు మావయ్య మగ్గం ముందు కూర్చుని కండెలు చుట్టుకుంటుంటే ఈ సంగతంతా చెప్పాను. ఆయన వయసులో ఉన్నప్పుడు కారమ్స్ బాగా ఆడేవాడు. మా వీధిలో ఆయన్ని ఓడించినవాళ్లు లేరు. అంతా విని ఒక్క ప్రశ్న వేశాడు.

"పిన్నులకి తగిలాక నీ బాల్ ఎటు పోతందిరా?"

నా దగ్గర జవాబు లేదు. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా చూడలేదు. నా చూపంతా పడే పిన్నుల మీదే.

"అదేట్రా! కారమ్స్‌లో కాయిన్‌ని కొట్టాక నేను కాయిన్‌ని సూడను. స్ట్రైకర్ ఎటు పోయిందో సూస్తాను. అదెటు పోయిందో సూస్తే కాయిన్‌కి ఎక్కడ తగిలిందో తెలిసిపోద్ది. ముందు నీ బాల్‌ని సూడు."

ఈ ఏడాదిన్నరలో నేను నేర్చుకున్నదంతా ఆ మాటలోంచి వచ్చిందే.

ఆ సాయంత్రమే డాబా మీద ముగ్గు వేయించాను. మా ఆవిడని అడిగితే "సందు చుక్క, నాలుగు నుంచి ఒకటి" అని రెండు నిమిషాల్లో చుక్కలు పెట్టేసింది. పిన్నులు నిలబడే తీరు సరిగ్గా అదే మరి, వెనక నాలుగు, ఆ ముందు మూడు, తరవాత రెండు, ముందు ఒకటి. నంబర్లు ముందు నుంచి వెనక్కి, ఎడమ నుంచి కుడికి. కాకపోతే కొలత కావాలి కాబట్టి టేపు పెట్టి చుక్కకీ చుక్కకీ మధ్య 12 అంగుళాలు ఉండేలా సరిచేశాం. చీరల పెట్టెల అట్ట కత్తిరించి పది చిన్న బిళ్లలు చేశాను, పిన్ను నడుము దగ్గర ఉండే మందం, నాలుగు ముప్పావు అంగుళాలు. బాల్‌కి ఎనిమిదిన్నర అంగుళాల పెద్ద బిళ్ల ఒకటి. పిల్లలు ఆటనుకుని చుట్టూ చేరారు. రెండు గంటలు అలా మోకాళ్ల మీదే ఉన్నాను.

బిళ్లలు జరుపుతూ చూస్తే మొదట తెలిసింది, మంచి స్ట్రైక్‌లో, అంటే మొదటి బాల్‌కే పదీ పడినప్పుడు, బాల్ తాకేది నాలుగే పిన్నుల్ని. ఒకటి, మూడు, ఐదు, తొమ్మిది. మిగతా ఆరు పిన్నుల్నీ పిన్నులే పడగొడతాయి. ఒకటోది రెండోదాన్ని, రెండోది నాలుగోదాన్ని, నాలుగోది ఏడోదాన్ని. ఐదోది ఎనిమిదోదాన్ని. కుడివైపు మూడోది ఆరోదాన్ని, ఆరోది పదోదాన్ని. అంటే నా పదో పిన్ను దగ్గరికి బాల్ ఎప్పుడూ రాదు. దాన్ని పడగొట్టాల్సింది ఆరోది. ఆ ఆరోదాన్ని సరిగ్గా పంపాల్సింది మూడోది. మూడోదాన్ని సరిగ్గా కొట్టాల్సింది బాల్.

రెండోది తెలిసినప్పుడు నేను లేచి నిలబడిపోయాను. దెబ్బ తగిలిన పిన్ను, కొట్టినదాని మధ్య నుంచి తన మధ్యకి గీత గీస్తే ఆ గీత వెంబడే పోతుంది. బాల్ ఒకటో పిన్నుకి తగిలి కుడికి ఎక్కువ తుళ్లిందనుకోండి, అప్పుడది మూడో పిన్నుకి నిండుగా, ఎదురుగా తగులుతుంది. మూడోది పక్కకి పోవాల్సినంత పోకుండా తిన్నగా వెనక్కి పోతుంది. ఆరోదానికి ఎడమ పక్కన తగులుతుంది. దాంతో ఆరోది కుడికి ఎక్కువ తిరిగి, పదోదాని ముందునుంచే జారి గట్టర్‌లో, అంటే లేన్ పక్కనున్న కాలవలో పడుతుంది. అట్ట బిళ్లలతో నాలుగుసార్లు చేసి చూశాను. నాలుగుసార్లూ ఆరో నంబరు బిళ్ల పదోదాని ముందు నుంచే వెళ్లిపోయింది.

ఆదివారం ఫోన్‌ని స్టాండుకి బిగించి స్లో మోషన్‌లో తీశాను. లేన్ల దగ్గర పనిచేసే ఒడియా కుర్రాడు "భాయినా, పిన్నుల వీడియో ఎందుకు?" అని వచ్చి నా పక్కనే నిలబడి చూశాడు. పాకెట్‌లో పడి పది మిగిలిన బాల్స్ ఆరు దొరికాయి. ఆరింట్లోనూ ఆరో పిన్ను పదోదాని పక్కన గట్టర్‌లో పడుకుని ఉంది. బాల్ తొమ్మిదో పిన్ను చోటు మీదుగా దిగాల్సింది, దానికి బాగా కుడిగా దిగిపోతోంది. మావయ్య అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది.

ఇక బాల్ ఎందుకు తుళ్లుతోంది? నేను వాడుతున్నది అక్కడ అందరికీ ఇచ్చే 12 పౌండ్ల ప్లాస్టిక్ బాల్, అంటే అయిదున్నర కిలోల లోపు. ఎదురుగా ఉన్న పది పిన్నులూ కలిపితే పదహారు కిలోల దాకా ఉంటాయి. తేలిక బాల్ వాటిని చీల్చుకుని పోలేక పక్కకి ఒరుగుతుంది. అయితే బరువుకన్నా పెద్ద కారణం కోణం. ఇది కూడా డాబా మీదే అర్థమైంది.

లేన్ వెడల్పు 41.5 అంగుళాలు, ఫౌల్ లైన్ నుంచి, అంటే బాల్ వేసేటప్పుడు దాటకూడని గీత నుంచి, ఒకటో పిన్నుకి దూరం 60 అడుగులు. గట్టర్ అంచు పట్టుకుని తిన్నగా బాల్ వేసినా, పాకెట్ చేరేలోపు అది పక్కకి జరిగేది 14 అంగుళాలే. పది అడుగులకి లెక్కగడితే రెండు అంగుళాల చిల్లర. మంచి స్ట్రైక్‌కి పాకెట్‌లోకి ఆరు డిగ్రీల కోణంలో రావాలని బౌలింగ్ పరిశోధకులు తేల్చారు. ఆరు డిగ్రీలంటే పది అడుగులకి అడుగు పైన అర అంగుళం. మగ్గం నూలు రెండు పోగులు పది అడుగుల పొడవున పరిచాను, ఒకటి నా బాల్ దారి, రెండోది కావాల్సిన దారి. ఒకే చోట మొదలైన పోగులు చివర్లో పది అంగుళాల దూరంలో ఉన్నాయి. తిన్నగా వేసేవాడు ఎంత గురిగా వేసినా ఆ దూరాన్ని పూడ్చలేడు. బాల్ చివర్లో వంపు తిరగాలి. హుక్ కావాలి.

ప్లాస్టిక్ బాల్ నూనె పూసిన లేన్ మీద దాదాపు వంగదు. నూనె మీద జారి, చివర్లో పొడి చెక్కని పట్టుకుని తిరగడానికి రియాక్టివ్ రెసిన్ పైపొర ఉన్న బాల్ వేరే ఉంటుంది. హైదరాబాద్‌లో చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు 14 పౌండ్ల బాల్ తీసుకుని, చేతికి కొలత తీయించి రంధ్రాలు వేయించుకున్నాను. అద్దె బాల్‌లో వేళ్లు రెండో కణుపు దాకా దూరతాయి, ఇందులో మధ్య వేలు, ఉంగరపు వేలు మొదటి కణుపు దాకానే. బొటనవేలు ముందు బయటికి రావాలి, ఆ తరవాత ఆ రెండు వేళ్లూ బాల్‌ని కింది నుంచి కొంచెం పక్కకి ఎత్తుతూ వదలాలి. చెప్పడానికి ఒక వాక్యం. నాకు రెండు నెలలు పట్టింది.

రోజూ పొద్దున్న డాబా మీద పాత పరుపు పరిచి, దాని పక్కన ఒక మోకాలు ఆన్చి కూర్చుని, చేతిని ఊపి బాల్‌ని పరుపు మీదకి వదిలేవాణ్ణి. యాభైసార్లు. బాల్ మీద ఒక తెల్ల టేపు ముక్క అతికించాను, అది ఎటు తిరుగుతోందో కనిపించడానికి. మొదటివారం టేపు బొంగరంలా అడ్డంగా తిరిగింది. అంటే మణికట్టుతో బాల్‌ని తిప్పేస్తున్నాను. అలా తిరిగే బాల్ పిన్నుల్లోకి చొచ్చుకుపోదు. చెయ్యి షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు ముందుకి పోతే చాలు, తిప్పక్కర్లేదు, తిరగడం వేళ్లు చూసుకుంటాయి. మావయ్య కాఫీ గ్లాసుతో మెట్ల మీద కూర్చుని చూసి, "భుజం బిగబట్టకురా. మగ్గం మీద నాడె ఇసిరినప్పుడు భుజంతో ఇసురుతామేటి?" అన్నాడు. భుజం వదిలేశాక టేపు వాలుగా తిరగడం మొదలైంది. ఆ తేడా కంటికి కనిపించింది, చేతికి ఇంకా ముందే తెలిసింది.

కొత్త బాల్‌తో లేన్ మీదకి వెళ్లిన మొదటి నెల సగటు 125కి పడిపోయింది. హుక్ ఎక్కువై బాల్ ఒకటో పిన్నుకి ఎదురుగా తగిలేది. నాలుగు, ఆరు, ఏడు, పది నిలబడిపోయేవి, రెండు పక్కలా రెండేసి. చూస్తుంటే కడుపు తరుక్కుపోయేది. ఆ నెల పాత ప్లాస్టిక్ బాల్‌కి తిరిగి వెళ్లిపోదామని చాలాసార్లు అనిపించింది. వెళ్లకపోవడం నేను చేసిన మంచి పని.

సరిచేసుకునే లెక్క సులువే. లేన్ అంతా 39 సన్న చెక్కలు. ఫౌల్ లైన్‌కి 15 అడుగుల దూరంలో ఏడు బాణాలుంటాయి, అయిదు చెక్కలకొకటి. బాల్ ఎడమకి ఎక్కువ పోతుంటే పాదాలు రెండు చెక్కలు ఎడమకి, చూపు ఒక చెక్క ఎడమకి. కుడికి పోతుంటే అదే తిరగేసి. నేను చేసిన తప్పు, ఒక బాల్ చెడగానే జరిగిపోవడం. చెడింది నా చెయ్యా, లేనా అని తెలియాలి కదా. రెండు బాల్స్ ఒకే తీరుగా చేస్తేనే జరగాలని నియమం పెట్టుకున్నాను.

ఇక నూనె. మామూలు బౌలింగ్ కేంద్రాల్లో లేన్ల మీద నూనె మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ ఉంటుంది, పిన్నులకి ముందు చివరి ఇరవై అడుగులు దాదాపు పొడి. మా దగ్గర దాన్ని ఎప్పుడు పూస్తారో ఒక పద్ధతి ఉండేది కాదు. ఆదివారం సాయంత్రానికి వందల బాల్స్ దొర్లి నూనె ఎండిపోయేది. అప్పుడు నా బాల్ సగం దారిలోనే వంపు తిరిగి, ఊపంతా అక్కడే ఖర్చు చేసుకుని, పాకెట్‌కి నీరసంగా వచ్చేది. పాకెట్‌లోకి వచ్చినట్టే ఉంటుంది, ఆరో పిన్ను మళ్లీ గట్టర్‌లో పడుకుంటుంది. కోణం ఉంటే సరిపోదు, ఆ కోణంలో వచ్చేసరికి బాల్‌లో సత్తువ మిగిలి ఉండాలి. ఆ ఒడియా కుర్రాడితో మాట్లాడి నూనె పూసేది ఏ రోజో కనుక్కుని, నా ఆటని శనివారం పొద్దున్నకి మార్చుకున్నాను. ఎండిన రోజు ఆడక తప్పకపోతే నూనె ఎక్కువున్న మధ్యకి జరిగి, అక్కడినుంచి బాల్‌ని బయటికి పంపుతాను. ఆట అయ్యాక బాల్‌కి అంటిన నూనె తుడవడం కూడా అప్పుడే అలవాటైంది. రియాక్టివ్ బాల్ నూనె పీలుస్తుంది, తుడవకుండా సంచిలో పెట్టేస్తే కొన్నాళ్లకి మందకొడి అవుతుంది.

మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర వచ్చిన నెల లేన్ల వైపే పోలేదు. యాత్ర మా నేతగాళ్ల ఇళ్లతో ముడిపడింది, రెండేళ్లకొకసారి వస్తుంది, ఇంటినిండా చుట్టాలు. ఆ నెల డాబా మీద పరుపు కూడా పరచలేదు.

తిరిగి మొదలుపెట్టాక కొత్త విషయం గమనించాను. పదో పిన్ను ఇంకా అప్పుడప్పుడు నిలబడుతోంది, కానీ నిలబడే తీరు మారింది. ఇప్పుడు ఆరో పిన్ను పడుకోవట్లేదు. పైకి లేచి, పదోదాని మెడ చుట్టూ తిరిగి పక్క గోడకి ఖంగున తగులుతోంది. స్కోరు బోర్డు మీద రెండూ తొమ్మిదే. నాకు మాత్రం ఆ రెండూ ఒకటి కావు. ఆరోది పడుకుంటే బాల్ నీరసించిందని, ముందే తిరిగిపోయిందని అర్థం. ఆరోది ఎగిరి చుట్టూ తిరిగితే బాల్‌లో సత్తువ ఉంది, చోటే వెంట్రుకవాసి తప్పింది. మొదటిదానికి పెద్దగా జరగాలి. రెండోదానికి నిలబడే చోటు నాలుగు అంగుళాలు ముందుకో వెనక్కో మారిస్తే చాలు, లేదా ఒక్క చెక్క. బాల్ వేగం కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. కోపంతో గట్టిగా విసిరితే వంపు తిరిగే సమయం చాలక బాల్ నూనె మీదే జారిపోతుంది. నాకు కోపం వచ్చిన రోజుల్లో పదో పిన్ను ఎక్కువసార్లు మిగలడం నోటుబుక్కులో కనిపించింది.

ఇదంతా రాస్తూ ఒక్కటి చెప్పకపోతే అన్యాయం. స్ట్రైక్ మీద ధ్యాసలో మిగిలిన ఆ పిన్నుని రెండో బాల్‌తో తీయడం నేను చాలాకాలం నేర్చుకోలేదు. ఆటకి పది వంతులు, వాటినే ఫ్రేములంటారు, ఒక్కోదానికి రెండు బాల్స్. ప్రతి ఫ్రేములో తొమ్మిది పడగొట్టి, మిగిలిన ఒకటీ తీస్తూ పోతే, ఒక్క స్ట్రైక్ లేకుండా 190 వస్తుంది. కాగితం మీద లెక్కేసి చూసిన రోజు ఆ అంకె చాలాసేపు చూశాను. పదో పిన్నుకి ఇప్పుడు ప్లాస్టిక్ బాల్ వాడతాను, లేన్ ఎడమ చివర నిలబడి, అడ్డంగా మూలకి. అది వంగదు కాబట్టే దీనికి పనికొస్తుంది. కొత్తగా ఆడేవాళ్లెవరైనా నన్నడిగితే ముందు ఇదే నేర్చుకోమంటాను.

జాతీయ ఛాంపియన్‌గా పలుమార్లు గెలిచిన తమిళనాడు ఆటగాడు షబ్బీర్ ధన్‌కోట్ ఆట వీడియోలు ఇప్పుడు వేరేలా చూస్తున్నాను. పిన్నులు చూడను. బాల్ ఎక్కడ దిగిందో చూసి, స్ట్రైకో కాదో ముందే చెప్పడానికి ప్రయత్నిస్తాను. పిల్లలు నాతో పందెం కాస్తారు.

నా సగటు ఇప్పుడు 172. తాళ్ల లేన్ల మీదే. విశాఖ వెళ్లినప్పుడు తాళ్లు లేని చోట ఆడితే ఇంకొంచెం వస్తుంది. తాళ్ల వల్ల పోయే పిన్నులు నిజంగానే కొన్ని ఉన్నాయి, ఆ మాట ఇప్పుడు లెక్కతో చెప్పగలను.

పోయిన శనివారం మావయ్యని వెంట తీసుకెళ్లాను. ఆయన బౌలింగ్ చూడటం అదే మొదటిసారి. పొద్దున్నే దారిలో ఉప్మా, ఘుగుని తిని వెళ్లాం. లేన్ వెనక కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆరో ఫ్రేములో పాకెట్‌లో పడింది, ఆరో పిన్ను పదోదాని మెడ చుట్టూ తిరిగి గోడకి కొట్టుకుంది. పది నిలబడింది. దాన్ని తీసేసి, ఏడో ఫ్రేముకి అర అడుగు వెనక నిలబడ్డాను. చెయ్యి తేలిగ్గా ఊగింది. బాల్ రెండో బాణం మీదుగా వెళ్లి, చివర్లో మలుపు తీసుకుని లోపలికి దూరింది. పదీ పడ్డాయి. పక్క లేన్ పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను వెనక్కి తిరిగి మావయ్య వైపు చూశాను. ఆయన ఇంకా పిన్నులు ఉన్న చోటికే, వెనకనున్న నల్ల తెర వైపే చూస్తున్నాడు.

"తొమ్మిదో దాని మీంచే దిగిందిరా," అన్నాడు.